సమాయిల్ తోటలో వంతు నీరు



మేము సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకున్నవాళ్ళము. తప్పులు దొర్లితే మన్నించండి. గత జనవరిలో మా అమ్మాయిని చూడడానికి మస్కట్ వెళ్ళి, పల్లెటూళ్ళ మీదుగా నిజ్వా వరకు కారులో తిరిగాము. ఆ ప్రయాణం సంగతి చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ.

ఫంజా, బిద్‌బిద్ దాటితే సమాయిల్. హజర్ కొండలను తూర్పు పడమరలుగా విడదీసే కనుమ అది. కొండల మీద గడ్డిపరక లేదు. అంతలోనే ఖర్జూరపు తోటలు! బగాన్ దాతో కొబ్బరితోటల్లో పెరిగిన మాకు ఆ నీడ కొత్త కాదు, నీరే కొత్త. మన తోటల్లో నీటిని బయటికి పంపడమే పెద్ద పని. అక్కడ భూగర్భజలాన్ని ‘ఫలజ్’ అనే సన్నని కాలువలో తెస్తారు. ముందు తాగడానికి, తరువాత స్నానాలకు, మసీదుకు, ఆ పిమ్మటే తోటలకు. ఒక్కొక్కరికి ఇంతసేపని వాటా. పూర్వం పగలు నీడను, రాత్రి చుక్కలను చూసి లెక్కకట్టేవారట. ఇటువంటి అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నిజ్వాలోని దారిస్ వాటిలో ఒకటి.

కోటల సంగతి ఫోటోల్లో చూడండి.

సమాయిల్‌లో కాలువకు అడ్డుపెట్టిన మట్టి తీస్తున్న యువకుడు మా మాటలు విని తలెత్తాడు. “ఏ ఊరమ్మా మీది?” అతనిది జగిత్యాల దగ్గరి పల్లె. మలేషియా అంటే నమ్మలేదు. “జలమును విభజించుచున్నారా?” అని అడిగాము. పకపక నవ్వాడు.

“వంతు సార్, వంతు నీళ్ళు. మా చెరువు కింద నీరటాయన గిట్లనే ఇడిసేటోడు.”

ఇన్నేళ్ళ తరగతిలో ‘వంతు’ అనే మాట మాకు రాలేదు. అది ఆ కాలువ గట్టున వచ్చింది.

“మీ తాత ఎన్నేండ్లకని పోయిండు సార్?”

“మూడేళ్ళకని.”

“మల్ల రాలేదా?”

రాలేదు. పెట్టె సర్దుకునే ఉండేవారని మా నాన్నగారు చెప్పేవారు. ఆ మాట అతనితో అనలేకపోయాము. అతను రెండేళ్ళకని వచ్చి అయిదేళ్ళయింది. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీరలేదు. కూతుర్ని ఫోనులోనే చూశాడు.

“నువ్వు వెళతావు నాయనా” అంది మా ఆవిడ. అతను తల ఊపి, ఫోను తీసి పిల్లకు మమ్మల్ని చూపించాడు.

“బాపూ, వాళ్ళెవరు?”

“మనోళ్ళే బిడ్డా.”

ఇంతలో తోట వంతు అయిపోయింది. మట్టి అడ్డువేసి పక్క మడికి వెళ్ళాడు. నిజ్వా చేరేసరికి మాకు చీకటి పడింది.