సంఖ్యారేఖపై ఖాళీలు



మీ గణిత పుస్తకంలో ఒకచోట ‘పై’ విలువను 22/7గా తీసుకోండి అని ఉంటుంది. మరికొన్ని పేజీల తర్వాత ‘పై’ కరణీయ సంఖ్య అనీ, దాన్ని భిన్నంగా రాయలేమనీ ఉంటుంది. మరి 22/7 భిన్నం కాదా? ఈ ప్రశ్న అడగకుండానే చాలామంది డిగ్రీ దాకా వచ్చేస్తారు. వాస్తవ సంఖ్యలంటే ఏమిటో అర్థం కావాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ముందు మనకు తెలిసినవి చూద్దాం. వస్తువులు లెక్కపెట్టడానికి 1, 2, 3 సరిపోతాయి. అప్పు రాసుకోవడానికి రుణసంఖ్యలు, పంచుకోవడానికి భిన్నాలు ఉన్నాయి. లవం, హారం రెండూ పూర్ణసంఖ్యలై, హారం సున్న కాకపోతే అది అకరణీయ సంఖ్య. సంఖ్యారేఖ మీద ఇవి చాలా దట్టంగా ఉంటాయి. ఏ రెండింటిని తీసుకున్నా వాటి సగటు వాటి మధ్యలోనే పడుతుంది. ఆ సగటుకూ మొదటిదానికీ మధ్య మరొకటి ఉంటుంది. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. ఇక రేఖ మీద ఖాళీ ఎక్కడిది అనిపిస్తుంది. కానీ ఉంది.

భుజం 1 యూనిట్ ఉన్న చతురస్రం గీయండి. దాని కర్ణం పొడవును వృత్తలేఖినితో తీసుకుని, సున్న దగ్గర ముల్లు ఉంచి, సంఖ్యారేఖను కుడివైపు ఖండించండి. ఆ బిందువు దగ్గర ఉండవలసిన సంఖ్య ఏది? పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం దాని వర్గం 2.

మన దేశంలో యజ్ఞవేదికలు కట్టినవారికి ఈ పొడవుతో పని పడింది. బౌధాయన శుల్బసూత్రం చెప్పిన పద్ధతి ఇది: భుజానికి దానిలో మూడో వంతు కలపాలి. ఆ మూడో వంతులో నాలుగో వంతును మళ్లీ కలపాలి. చివరగా, ఇప్పుడు కలిపినదానిలో ముప్పైనాలుగో వంతు తీసేయాలి. చేసి చూడండి, 577/408 వస్తుంది. దశాంశాల్లో 1.414215... అసలు విలువ 1.414213... ఐదు దశాంశ స్థానాల వరకు తేడా లేదు. తాడుతో కొలిచి ఇటుకలు పేర్చేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

గణితానికి మాత్రం ఇది చాలదు. 577 వర్గం 3,32,929. 408 వర్గానికి రెట్టింపు 3,32,928. తేడా ఒకే ఒక్కటి! ఆ ఒక్కటి కూడా లేని భిన్నం వెతకాలని ఎవరికైనా అనిపిస్తుంది. కంప్యూటర్ పెట్టి ఏళ్ల తరబడి వెతికినా అది దొరకదు. కారణం చాలా చిన్నది. ఏ పూర్ణసంఖ్య వర్గాన్నైనా ప్రధాన కారణాంకాలుగా విడదీస్తే, అందులో 2 అనేది సరిసంఖ్య సార్లే వస్తుంది. ఆ వర్గాన్ని రెట్టింపు చేస్తే మరొక 2 చేరి బేసి సార్లు అవుతుంది. లవం వర్గంలో సరి సార్లు, హారం వర్గానికి రెట్టింపులో బేసి సార్లు. ఈ రెండూ ఎన్నటికీ సమానం కావు. అంటే రేఖ మీద బిందువు ఉంది, దానికి తగిన భిన్నం లేదు.

శుల్బసూత్రాలు ఈ కర్ణాన్ని ‘ద్వికరణి’ అన్నాయి. రెట్టింపు వైశాల్యం గల చతురస్రాన్ని ఇచ్చేది అని అర్థం. మన ‘కరణీయ’ అన్న మాటలో ఉన్నది ఆ కరణే. కరణీయం ఏదో, అకరణీయం ఏదో పరీక్షలో తారుమారు చేసేవారు ద్వికరణిని గుర్తుంచుకోండి.

‘పై’ సంగతీ ఇలాంటిదే. 20,000 వ్యాసం గల వృత్తానికి పరిధి 62,832 అని ఆర్యభటుడు చెప్పాడు. అంటే 3.1416. ఆ విలువకు ‘ఆసన్నం’, అంటే దగ్గరిది, అన్న మాట జోడించాడు. వ్యాసాన్ని శేషం లేకుండా కొలిచే కొలతతో పరిధిని కొలిస్తే శేషం మిగిలిపోతుందని కేరళకు చెందిన నీలకంఠ సోమయాజి తన వ్యాఖ్యానంలో వివరించాడు. దీనికి రుజువు 1761లో లాంబర్ట్ ఇచ్చాడు. 22/7 కూడా ఆసన్నమే. మన పుస్తకాలు ఆ ఒక్క మాట రాసి ఉంటే ఎంత గందరగోళం తప్పేదో!

ఈ ఖాళీల గురించి గట్టిగా ఆలోచించినవాడు రిచర్డ్ డెడెకిండ్. 1858లో ఆయన జ్యూరిచ్‌లో కలనగణితం బోధిస్తున్నాడు. పెరుగుతూ పోతూ ఒక హద్దును దాటని రాశి తప్పక ఏదో ఒక విలువను సమీపిస్తుందని చెప్పాలి. బొమ్మ గీసి చూపడం తప్ప దానికి ఆధారం కనిపించలేదు. ఆ అసంతృప్తిలోంచి వచ్చిన ఆలోచనను 1872లో ప్రచురించాడు.

అకరణీయ సంఖ్యలన్నిటినీ రెండు కుప్పలు చేయండి. రుణసంఖ్యలు, సున్న, వర్గం 2 కన్నా తక్కువైన ధనసంఖ్యలు ఎడమ కుప్పలోకి. వర్గం 2 కన్నా ఎక్కువైన ధనసంఖ్యలు కుడి కుప్పలోకి. ఒక్కటీ మిగలలేదు. ఇప్పుడు ఎడమ కుప్పలో అన్నిటికన్నా పెద్దది ఏది? లేదు. కుడి కుప్పలో అన్నిటికన్నా చిన్నది? అదీ లేదు. రేఖను కోశాం గానీ, కత్తి తగిలిన చోట సంఖ్య లేదు. అయితే ఆ కోతనే ఒక సంఖ్యగా తీసుకుందాం అన్నాడు డెడెకిండ్. ఈ కోత పేరే √2. ఇలా కోయగలిగిన కోతలన్నీ కలిపితే వాస్తవ సంఖ్యలు. వాటిలో కొన్ని కోతలు సరిగ్గా ఒక భిన్నం దగ్గరే పడతాయి. అవి మన పాత అకరణీయ సంఖ్యలు.

మరి ఈ వాస్తవ సంఖ్యలను మళ్లీ రెండు కుప్పలుగా కోస్తే కొత్త ఖాళీలు బయటపడవా? పడవు. ఈసారి ఎక్కడ కోసినా కోత అంచున ఒక సంఖ్య ఉండి తీరుతుంది. దీన్నే సంపూర్ణత అంటారు. అకరణీయ సంఖ్యలకు ఎంత దట్టంగా ఉన్నా లేనిది ఇదే. కలనగణితంలో మీరు చదివే అవధులన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి.

కాలిక్యులేటర్‌లో √2 నొక్కితే కనిపించే 1.414213562 కూడా భిన్నమే. అది ఎడమ కుప్పలో ఉంది. 577/408 కుడి కుప్పలో ఉంది. కుడి కుప్పలో చిన్నది లేదన్న మాట మీరే సరిచూడవచ్చు. 2ను 577/408తో భాగించి, వచ్చినదానికీ 577/408కీ సగటు కట్టండి. 6,65,857/4,70,832 వస్తుంది. ఇది 577/408 కన్నా చిన్నది, అయినా కుడి కుప్పలోనే ఉంది. లవం వర్గంలోంచి హారం వర్గానికి రెట్టింపు తీసేయండి. చిన్న కాలిక్యులేటర్‌లో అంకెలు పట్టవు, కాగితం మీదే చేయండి. మళ్లీ 1 మిగులుతుంది.