చెయ్యి తిమ్మిరిని దాచుకోవద్దు
(మండల సమాఖ్య మహాసభలో చదివిన ప్రసంగం)



పొదుపు, అప్పు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. మాకు ఇచ్చిన అంశం ఆరోగ్యం. రక్తహీనత గురించి, పిల్లల తిండి గురించి ప్రతి ఏడాదీ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి చేతుల నొప్పుల గురించి చెప్తాం. గ్రామ సంఘం మీటింగుల్లో కిస్తీ ఎందుకు ఆగిందని అడిగినప్పుడు "చెయ్యి పనిచేస్తలేదక్కా" అన్న జవాబు మాకు చాలాసార్లు వచ్చింది. రిజిస్టర్లో మాత్రం "వ్యక్తిగత కారణం" అని రాసి ఉంటుంది.

మన పనులన్నీ మణికట్టు మీదనే నడుస్తాయి. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించి, పొద్దుగూకే దాకా బీడీలు చుడతాం. పత్తి ఏరుతాం, మిరపకాయ తెంపుతాం, కలుపు తీస్తాం. 2024 నుంచి సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని కూడా మన సంఘాలకు వచ్చింది. బడులు తెరిచే నాటికి అందాలని రాత్రింబవళ్లు మిషన్ తొక్కుతాం. ఇంటికొస్తే దుప్పట్లు పిండుడు, రొట్టెలు కొట్టుడు ఉండనే ఉంది. కూలికి లెక్క ఉంది గానీ ఈ పనికి లెక్క లేదు.

నొప్పి వస్తే ఏం చేస్తాం? "వాతం" అనుకుని ఆముదం రాస్తాం, జిల్లేడు ఆకు కడతాం, మెడికల్ షాపులో గోలీ తెచ్చుకుంటాం. అన్ని నొప్పులూ వాతం కావు. ఎక్కడ నొస్తుంది, ఏ వేళకు నొస్తుంది అని గమనిస్తే చాలావరకు తేడా తెలుస్తుంది. ఏఎన్ఎం అక్క, డాక్టరమ్మ చెప్పగా మేము నేర్చుకున్నవి చెప్తున్నాం.

మన కుట్టుపని వాళ్లలో, బీడీ పని వాళ్లలో ఎక్కువగా వినబడేది తిమ్మిరి. అర్ధరాత్రి చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తుంది. సూదులు గుచ్చినట్టు ఉంటుంది. లేచి చెయ్యి విదిలిస్తే కొంచెం నయం. ఏ వేళ్లకు వస్తుందో చూసుకోండి. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలిలో సగం వరకు వచ్చి, చిటికెన వేలు బాగానే ఉంటే అది మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం కావచ్చు. డాక్టర్లు దీన్ని కార్పల్ టన్నెల్ అంటారు. మణికట్టులో ఎముకల మధ్య సన్నని దారి ఉంటుంది. వేళ్లను కదిలించే తాళ్లలాంటివి, ఒక నరం అన్నీ ఆ దారిలోనే పోవాలి. పని ఎక్కువై అక్కడ వాపు వస్తే నరం నలుగుతుంది. పని ఒక్కటే కారణం కాదు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో నీరు చేరి వస్తుంది, కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. థైరాయిడ్, షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువ వస్తుంది. అందుకే తిమ్మిరి ఉన్నవాళ్లు ముందు షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. 30 ఏళ్లు దాటిన అందరికీ షుగర్, బీపీ పరీక్ష సబ్ సెంటర్లోనే చేస్తారు, డబ్బులు అక్కర్లేదు.

దీనికి మొదటి వైద్యం గోలీ కాదు, పట్టీ. లోపల రేకు ఉండి మణికట్టును వంగనీయకుండా ఉంచే పట్టీ ఉంటుంది. నిద్రలో మనకు తెలియకుండానే చెయ్యి మడిచి పడుకుంటాం, అందుకే రాత్రి బాధ ఎక్కువ. పట్టీ కట్టుకుని పడుకుంటే మణికట్టు తిన్నగా ఉంటుంది. నాలుగు రోజులు కట్టి "ఏం ఫాయిదా లేదు" అని పక్కన పడేస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలు కట్టాలి. అప్పటికీ తగ్గకపోతే ఎముకల డాక్టరు మణికట్టు దగ్గర ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. ఇంకా తగ్గకపోతే చిన్న ఆపరేషన్, చేతికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు, సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు.

ఆలస్యమైతే ఏమవుతుంది? నరం చాలాకాలం నలిగితే అరచేతిలో బొటనవేలి కింద ఉబ్బుగా ఉండే కండ పలచబడిపోతుంది. సూది పట్టు దొరకదు, గుండీ పెట్టుకోవడం రాదు, గ్లాసు జారిపోతుంది. ఆ దశలో ఆపరేషన్ చేసినా పోయిన బలమంతా తిరిగి వస్తుందని చెప్పలేరు. ఒక సంఘంలో కుట్టుపని చేసే చెల్లె యూనిఫాంల సీజన్ మొత్తం తిమ్మిరిని దాచింది. చెప్తే తన పీసులు వేరేవాళ్లకు ఇస్తారని భయం. చివరికి కత్తెర పట్టే బలం పోయాక చెప్పింది. ఆమెను తప్పు పట్టలేం. భయపడేటట్టు ఉన్నది మన పద్ధతే. ఆ మాట తర్వాత చెప్తాం.

బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి ఉండి, బట్టలు పిండినా, సీసా మూత తిప్పినా ప్రాణం పోయినట్టుంటే అది వేరే. బొటనవేలిని లాగే తాళ్ల చుట్టూ వాపు అది. పసిపిల్లల తల్లులకు ఎక్కువ వస్తుంది. పిల్లను చంకల కింద రెండు చేతులు పెట్టి, బొటనవేళ్లు చాపి ఎత్తడం వల్ల వస్తుంది. అరచేతులు పిల్ల పిరుదుల కింద పెట్టి ఎత్తితే భారం తగ్గుతుంది. అత్తమ్మలు, ఆడబిడ్డలు కొన్నాళ్లు పిండే పని అందుకుంటే సగం మందు వేసినట్టే. వేలు మడిస్తే తిరిగి రాకుండా పట్టుకుని, టక్కున తెరుచుకునేది ఇంకొకటి. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. దానికీ వైద్యం ఉంది.

అసలైన కీళ్లవాతాన్ని మాత్రం తేలికగా తీసుకోవద్దు. రెండు చేతులకూ వస్తుంది. వేళ్ల మొదళ్లు, నడిమి కణుపులు, మణికట్లు ఉబ్బుతాయి. పొద్దున లేవగానే పిడికిలి మూసుకోదు, అరగంట, గంట దాకా బిగిసే ఉంటాయి. నీరసం, సన్న జ్వరం కూడా ఉండొచ్చు. మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ. నొప్పి గోలీతో బాధ ఆగుతుంది గానీ లోపల కీలు అరగడం ఆగదు, వేళ్లు వంకర పోతాయి. తొందరగా అసలు మందు మొదలుపెడితే వంకర పోకుండా చాలావరకు ఆపవచ్చు. ఒక హెచ్చరిక. దీనికి ఎక్కువగా రాసే మెథోట్రెక్సేట్ గోలీ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారం వేసుకోవాలో డాక్టరును అడిగి, చీటీ మీద "సోమవారం" అనో "ఆదివారం" అనో పెద్దగా రాయించుకోండి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ఆ మాట ముందే డాక్టరుకు చెప్పాలి, అప్పుడు ఈ మందు ఇవ్వరు.

చికున్ గున్యా వచ్చిపోయినా చేతి కీళ్లు నెలల తరబడి నొయ్యవచ్చు. వయసు మీద పడ్డాక వేళ్ల చివరి కణుపులు గట్టిపడతాయి, అది అరుగుదల.

కిందపడి చెయ్యి ఆనించినప్పుడు వాపు వస్తే ఎక్స్-రే తీయించుకోకుండా కట్టు కట్టించుకోవద్దు. ముట్లు ఆగినవాళ్లకు ఎముక పలచగా ఉంటుంది, చిన్న దెబ్బకే మణికట్టు విరుగుతుంది. ఎక్స్-రేలో ఏమీ లేదన్నా బొటనవేలి మొదట్లో గుంట దగ్గర నొప్పి పది రోజులకు తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలి. అక్కడి చిన్న ఎముక విరిగినా మొదట్లో కనబడకపోవచ్చు. ఎవరు కట్టినా సరే, కట్టు కట్టాక వేళ్లు చల్లబడితే, నీలమైతే, మొద్దుబారితే వెంటనే విప్పించండి.

ఊళ్లో "నొప్పి సూది" సంగతి. వేయించుకున్న సాయంత్రానికే పనికి పోగలుగుతాం, అందుకే అలవాటవుతుంది. ఏ మందో తెలియకుండా వారం వారం సూదులు, రోజూ గోలీలు అంటే కిడ్నీలకు, కడుపుకు చేటు. కొన్నిటితో షుగర్ పెరుగుతుంది. కాపడం కూడా చూసి పెట్టుకోవాలి. తిమ్మిరి చేతికి ఉప్పు మూట కాపడం పెడితే కాలినా తెలియదు, షుగర్ ఉంటే ఆ పుండు మానదు.

చెయ్యి నొప్పి అనుకుని కూర్చోకూడనివి రెండున్నాయి. ఛాతీ బరువు, చెమటలతో ఎడమ చెయ్యి గుంజడం ఒకటి. ఉన్నట్టుండి ఒక చెయ్యి పడిపోవడం, మూతి వంకర, మాట ముద్దగా రావడం రెండోది. 108కి ఫోన్ చేయాలి, తెల్లారే దాకా ఆగొద్దు.

పని మానమని చెప్పే తాహతు మనకెవరికీ లేదు. మార్చుకోగలిగినవి ఉన్నాయి. మొద్దు కత్తెరతో కత్తిరిస్తే చేతి మీద రెట్టింపు భారం, సాన పట్టించండి. ఆకు బాగా నానితే కత్తెరకు తేలిక. ప్రతి వంద బీడీలకు ఒకసారి చాట దించి వేళ్లు చాపి ముడవండి. కటింగ్ అంతా ఒకరి మీద, గుండీలన్నీ ఒకరి మీద వేయకుండా పూటకు మార్చుకోండి. దుప్పటిని పిండకుండా తీగ మీద వేసి నీళ్లు ఓడ్చండి.

సమాఖ్య ముందు మేము పెడుతున్న కోరిక ఇది. కుట్టుపని పంచేటప్పుడు, చెయ్యి నొప్పని చెప్పిన సభ్యురాలి వంతు తీసేయకూడదు. పట్టీ కట్టుకున్న ఆరు వారాలు ఆమెకు ఇస్త్రీ, మడత, లెక్క రాసే పని ఇవ్వాలి, తర్వాత ఆమె వంతు ఆమెకే రావాలి. వైద్యం వల్ల కిస్తీ ఆగితే రిజిస్టర్లో ఆ కారణమే రాయాలి, "వ్యక్తిగతం" అని కాదు. కటింగ్ మిషన్ కొనే విషయం కూడా ఈ మీటింగులోనే తేల్చాలి. ఇవన్నీ తీర్మానాల పుస్తకంలో ఎక్కించాలని అధ్యక్షురాలు అక్కను కోరుతున్నాం.

డాక్టరు దగ్గరికి పోయేవాళ్లు ఏ వేళ్లకు వస్తుంది, ఏ వేళకు వస్తుంది, ఎన్నాళ్లయింది, రోజూ ఏం పని చేస్తారు, ఇప్పటిదాకా ఏ గోలీలు వేశారు, ఇవి కాగితం మీద రాసుకుని పోండి. రాయడం రాని అక్కలకు వీవోఏ రాసిస్తుంది. గోలీల ఖాళీ అట్టలు కూడా సంచిలో వేసుకోండి.