బొమ్మ దగ్గరే వదిలే బెరుకు

(శ్రీ సిటీలో జరిగిన వార్షిక సమావేశంలో ఒక నర్సింగ్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం)



నన్ను పిలిచినప్పుడు, డాక్టరుగారినెవరినైనా పిలవరాదా అన్నాను. మన ఆడపిల్లలు నర్సింగులో చేరుతున్నారు, వాళ్ళేం నేర్చుకుంటున్నారో మీరే చెప్పాలి అన్నారు. కనుక ఒక్క విషయమే చెబుతాను.

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండె ఆగిన మనిషి మాట్లాడడు, సరిగా ఊపిరి తీయడు. అయిదారు నిమిషాలు అలాగే వదిలేస్తే మెదడు దెబ్బతింటుంది. ఇక్కడినుంచి తిరుపతికైనా, చెన్నైకైనా గంటకు పైమాటే. 108 వచ్చేలోపల ఆ ప్రాణం పక్కనున్నవారి చేతుల్లోనే ఉంటుంది.

నా చదువు రోజుల్లో మాకు బొమ్మలు లేవు. పుస్తకంలో చదవడం, వార్డులో నిలబడి చూడడం, అంతే. మొదటిసారి నా ఎదుట ఒకాయన గుండె ఆగింది. నా చేతులు ఛాతీ దాకా వెళ్ళాయి గాని నొక్కలేదు. ఎముక విరుగుతుందేమోనని భయం, పరాయి మగవాడన్న బెరుకు. సీనియర్ సిస్టర్ నన్ను పక్కకు తోసి తాను మొదలుపెట్టింది. ఆ క్షణాలు నేనింకా మరచిపోలేదు.

ఇప్పుడా బెరుకును బొమ్మ దగ్గరే వదిలిస్తాం. 1960లో నార్వేలో ఆస్మండ్ లేర్డాల్ అనే ఆటబొమ్మల తయారీదారు ఇలాంటి శిక్షణ బొమ్మను చేశాడు. మగ ముఖమైతే నోరు ఆనించి ఊపిరి ఊదడానికి జనం జంకుతారని దానికి ఆడపిల్ల ముఖం పెట్టాడంటారు. చూశారా, బెరుకు అన్ని దేశాల్లోనూ ఉన్నదే!

భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన బి.ఎస్సీ. పాఠ్యప్రణాళికలో ఈ శిక్షణకు చోటిచ్చింది. ఒక అమ్మాయి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతున నొక్కుతుంది. 30 సార్లు నొక్కాక, ఇంకొకతె సంచితో రెండుసార్లు ఊపిరి అందిస్తుంది. ఒకతె మందు ఎక్కిస్తుంది, ఒకతె టైము రాస్తుంది. రెండేసి నిమిషాలకు నొక్కే చేతులు మారాలి. అలసిన చెయ్యి తనకు తెలియకుండానే పైపైన నొక్కుతుంది. షాకు ఇచ్చేముందు "అందరూ దూరం" అని గట్టిగా అరవాలి. మెల్లగా మాట్లాడమని పెంచిన పిల్లలు కదా, మొదట్లో ఆ అరుపే రాదు! తప్పులన్నీ అక్కడే చేస్తారు, తరువాత కూర్చుని మాట్లాడుకుంటారు. బొమ్మకు పోయేదేమీ లేదు.

ఒక తల్లి నన్నడిగింది, "మా పిల్ల మగవాళ్ళను ముట్టుకోవాలా మేడమ్?" అని. ఆమెకు ఒక లెక్క చెప్పాను. అమెరికాలో 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, బయట గుండె ఆగి పడిపోయిన మగవారిలో 45 శాతం మందికి పక్కనున్నవారు ఛాతీ నొక్కారు. ఆడవారిలో 39 శాతానికే. ముట్టుకోవడానికి జంకడం అందుకొక కారణమంటారు. రేపు ఫ్యాక్టరీ బస్సులో మీరో నేనో పడిపోతే, జంకకుండా చున్నీ పక్కకు తీసి నొక్కే ఆడపిల్ల మనకు కావద్దా?

ఆ తల్లి ఈరోజు ముందు వరుసలోనే కూర్చున్నది. భోజనాలయ్యాక బొమ్మను ఇక్కడే చాపమీద పడుకోబెడతాను. ముందు ఆమె కూతురు చేసి చూపిస్తుంది, తరువాత మీరందరూ రండి.