పటములో ఎత్తుపల్లములు: కాంటూరు రేఖల బోధన
(గ్రామీణ పాఠశాలల భూగోళ ఉపాధ్యాయుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



భూగోళ పాఠములలో పిల్లలు మిక్కిలి తడబడునది కాంటూరు రేఖల కడనే. నదిని నీలిగీతగాను, రైలుదారిని నల్లగీతగాను చూపినంతనే వారు గ్రహింతురు. ఏలయన నేలమీద కూడ అవి గీతలవలెనే సాగిపోవును. కొండ అట్లు కాదు. దానికి ఎత్తు కలదు, కాగితమునకు లేదు. "సముద్రమట్టము నుండి సమానమైన ఎత్తుగల స్థలములను కలుపు రేఖ కాంటూరు రేఖ" అని వల్లెవేయించి ముందుకు సాగుట మన పాఠశాలలలో వాడుక. నిర్వచనము సరియైనదే. కాని దానిని గడగడ అప్పజెప్పిన బాలుడే, పటము చేతికిచ్చి "ఇచట వాననీరు ఎటు పారును?" అని అడిగినచో బిక్కమొగము వేయుచున్నాడు.

మేము కోరునది ఒక్కటే. ఈ పాఠమును నల్లబల్లవద్ద గాక ఊరి చెరువువద్ద ఆరంభింపుడు.

నిలిచిన నీటి అంచు ఎన్ని వంకరలు పోయినను దానిపైనున్న ప్రతి చోటును ఒకే ఎత్తున నుండును. ఆ అంచే కాంటూరు రేఖ. వేసవి ముదురుకొలది చెరువు ఇంకిపోవుచుండగా తీరమున చారలు ఒకదానిలోపల నొకటి ఏర్పడును. ఒక్కొక్క చార ఒక్కొక్క కాంటూరు. కట్ట దాపున వాలు హెచ్చు గనుక చారలు ఇరుకుగా నుండును. ఎగువ శిఖము నేలలు చదునైనవి గనుక అచట ఎడముగా పరచుకొనును. రేఖలు ఇరుకైనచో నిటారు, ఎడమైనచో మెల్లని వాలు అను సూత్రమును ఇక మనము చెప్పనక్కరలేదు, పిల్లవాడే చెప్పును. వాగు వచ్చి కలియుచోట నీటి అంచు వాగులోనికి ఎగువకు చొచ్చుకొని పోవును. పటములో లోయను చూపు రేఖల మొనలు ఎగువకు తిరిగియుండుటకు కారణమిదియే. మిట్టను చూపు రేఖల మొనలు పల్లమువైపునకు తిరుగును. ఈ రెంటి భేదము తెలిసిన విద్యార్థికి సగము పాఠము వచ్చినట్లే.

పిదప తరగతిలో ఒక వెడల్పైన తొట్టిలో బంకమట్టితో కొండను చేయింపుడు. ఒకవైపు నిటారుగా, మరియొకవైపు వాలుగా నుండవలెను. రెండేసి వ్రేళ్ల లోతున నీరు పోయుచు, ప్రతిసారియు నీటి అంచు వెంబడి మేకుతో గీత గీయవలెను. నీరు తోడివేసి, పైనుండి నిలువుగా చూచి, కనబడిన గీతలను కాగితముపై దింపుమనుడు. కుమ్మరి ఇంటి మట్టికి ఖర్చు లేదు. బీరువాలో తాళము వేసి భద్రపరచిన ప్లాస్టరు నమూనాకన్న ఇదియే మేలు.

అటుపిమ్మట సర్వే ఆఫ్ ఇండియా వారి పటమును ముందు పెట్టుడు. 1767లో ఏర్పడిన ఈ సంస్థ 1:50,000 కొలతన అచ్చువేయు పటములో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరునకు సమానము. కాంటూరులు గోధుమవర్ణమున నుండును. సాధారణముగా రేఖకు రేఖకు నడుమ ఎత్తుభేదము 20 మీటర్లు. అనగా పది మీటర్ల దిబ్బ రెండు రేఖల నడుమ జారిపోవచ్చును. పటములో లేదు గనుక ఊరిలో లేదనుకొనరాదు.

గోడపటముల రంగులును పిల్లలను మోసగించును. పచ్చరంగు పల్లమునకే గాని పైరునకు గుర్తు కాదు. కచ్ఛ్ రణ్ ఉప్పునేలయైనను, సముద్రమట్టమునకు చేరువనుండుటచే పచ్చగానే కనబడును.

ఇది పరీక్షలో మార్కులకు మాత్రమే పనికివచ్చు విద్య కాదు. మెట్టపొలమున వాలు వెంబడి దున్నిన చాలు నీటికి కాలువయై మట్టిని కొనిపోవును. వాలునకు అడ్డముగా, కాంటూరు వెంబడి దున్నినను, గట్టు వేసినను నీరు నిలిచి ఇంకును. మేస్త్రీ వాడు పారదర్శకమైన నీటిగొట్టముతో ఒకే మట్టముగల చోట్లను గుర్తించి, మేకులు పాతి, ముగ్గుపిండితో కలిపినచో పొలములోనే కాంటూరు వెలయును.

గోదావరిపై నిర్మింపబడుచున్న పోలవరము ప్రాజెక్టు ముంపు మండలములలో ఈ మాట ఇంటింట వినబడును. పూర్తి జలాశయమట్టము 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. పునరావాసమును మొదటి దశలో 41.15 మీటర్ల కాంటూరు వరకు నిర్ణయించిరి. తమ ఇల్లు ఆ గీతకు దిగువనున్నదా, ఎగువనున్నదా అన్నదానిపై కుటుంబముల భవిష్యత్తు ఆధారపడియున్నది. అట్టి ఊరి బిడ్డకు పటము చదువుట రాకుండుట న్యాయమా?

అచటనే మరియొక సంగతి బోధింపవలసియున్నది. కాంటూరు నిలిచిన నీటికి కొలబద్ద. పారు వరద నిలిచిన నీరు కాదు. 2022 జూలైలో భద్రాచలము కడ గోదావరి 71.3 అడుగులకు చేరినది. అట్టి వరదలో నీటిపైభాగము ఎగువన ఎత్తుగాను, దిగువన తగ్గుగాను వాలియుండును. కావున ఆనకట్టకు దూరముగా, ఎగువనున్న ఊరు గీతకు పైనున్నను దానికి వరద తాకదని చెప్పుటకు వీలులేదు. దీనిని చూపుటకు పెద్ద నది అక్కరలేదు. పారుచున్న పంటకాలువలో నూరు గజముల ఎడమున రెండు కర్రలు నిలువుగా పాతి, వానిపై నీటిమట్టములను గుర్తించి, మేస్త్రీ నీటిగొట్టమును దశలవారీగా జరుపుచు ఆ రెండు గుర్తులను పోల్చుడు. భేదము కొద్దిపాటిదే యైనను పిల్లలు దానిని తమ చేతులతో కొలువగలరు. అందులకు ఒక మధ్యాహ్నము చాలును.