కొత్త దేశం, కొత్త జిమ్ము

అరసవల్లి సూర్యనారాయణ స్వామికి దండం పెట్టుకుని విదేశాలకు వెళ్లే మన పిల్లలకు ఈ నాలుగు మాటలు.

ఊరు కాని ఊళ్లో తోడు కోసం చాలామంది క్రాస్‌ఫిట్ లాంటి బృంద వ్యాయామాల్లో చేరతారు. 2000లో అమెరికాలో సంస్థగా ఏర్పడిన ఈ పద్ధతిలో బరువులు, పరుగు, గెంతులు గడియారం పెట్టి చేయిస్తారు. పక్కవాడు ఆగకపోతే మనమూ ఆగం. చిక్కంతా అక్కడే.

అలవాటు లేని కండరం అతిగా శ్రమిస్తే చితికిపోతుంది. అందులోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దీన్నే రాబ్డోమయోలైసిస్ అంటారు. భరించలేని కండరాల నొప్పి, వాపు, డికాక్షన్ రంగు మూత్రం కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఒళ్లునొప్పులేలే అని ఊరుకోకూడదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల బాధ చూసిన జిల్లా మనది. కిడ్నీ విలువ మనకు వేరే చెప్పాలా?

వ్యాయామం వద్దనడం లేదు. సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలోనే పెరిగారు. ఆ బలం ఏళ్ల సాధనతో వచ్చింది, ఒక్క నెలలో కాదు.

చేరేముందు శిక్షకుడి అర్హత అడగండి. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టరును కలవండి. మొదటి వారాల్లో తేలిక బరువులతోనే సరిపెట్టుకోండి. ఒళ్లు ఆగమన్నప్పుడు, ఎవరు చూస్తున్నా సరే, ఆగండి.