మూడు భాషలు, ఒకే చదువు: స్పానిష్, ఇటాలియన్, పోర్చుగీస్ ఉన్నత అధ్యయనం

స్పానిష్, ఇటాలియన్, పోర్చుగీస్ భాషా సాహిత్యాల ఉన్నత అధ్యయనం చాలా విశ్వవిద్యాలయాల్లో ఒకే శాఖ కింద నడుస్తుంది. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఈ మూడూ కలిసి ఒక శాఖ. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో వీటికి లాటిన్ అమెరికా అధ్యయనాలు కూడా చేర్చి ఒక కేంద్రం పెట్టారు. ఈ కలయిక పాలనా సౌలభ్యం కోసం చేసిన సర్దుబాటు అనుకునేవారు ఎక్కువ. అది పొరపాటు. ఈ మూడు సాహిత్యాలూ ఒకదాన్నొకటి చదువుకుంటూ పెరిగాయి. విడదీసి చదివితే మూడింటిలో ఏ ఒక్కటీ పూర్తిగా బోధపడదు.

13వ శతాబ్దిలో కాస్తీల్ రాజు పదో అల్ఫొన్సో చట్టాలనూ చరిత్రలనూ కాస్తీలియన్‌లో రాయించాడు. మేరీమాత కీర్తనల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గలీసియన్-పోర్చుగీసును ఎంచుకున్నాడు. 1526లో గ్రనడాలో వెనిస్ రాయబారి ఆంద్రేయా నవజేరో కవి హువాన్ బొస్కాన్‌ను కలిసి, ఇటాలియన్ ఛందోరీతుల్లో కవిత్వం చెప్పి చూడమని ప్రోత్సహించాడు. బొస్కాన్ ఆ పనికి పూనుకున్నాడు, మిత్రుడు గార్సిలాసో దె లా వేగాను కూడా అందులోకి దింపాడు. ఇద్దరి కవితలూ కలిపి 1543లో బార్సిలోనాలో అచ్చయ్యాక స్పానిష్ కవిత్వం నడక మారిపోయింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే పోర్చుగీసు కవి సా దె మిరాండా ఇటలీ ప్రయాణం ముగించుకొని సానెట్‌ను పోర్చుగల్‌కు తెచ్చాడు. నాటకకర్త జిల్ విసెంతె పోర్చుగీసులోనూ కాస్తీలియన్‌లోనూ రాశాడు. పోర్చుగీసు మహాకవి కమోయెన్స్ కూడా కాస్తీలియన్‌లో కొన్ని కవితలు చెప్పాడు. తెలుగులో ఆముక్తమాల్యద, సంస్కృతంలో జాంబవతీ పరిణయం రచించిన రాయలవారిని ఎరిగిన వారికి ఇందులో వింత ఏమీ కనిపించదు.

ఈ అధ్యయనానికి శాస్త్రీయమైన పునాది జర్మనీలో పడింది. బాన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రీడ్రిక్ డీట్స్ రొమాన్స్ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని 1836 నుంచి సంపుటాలుగా వెలువరించాడు. లాటిన్‌లో రాత్రికి ఉన్న ‘నొక్తెమ్’ అనే మాట ఇటాలియన్‌లో ‘నొత్తె’, స్పానిష్‌లో ‘నోచె’, పోర్చుగీసులో ‘నొయితె’ అయింది. ఒకే హల్లుల జంట మూడు చోట్ల మూడు దారులు పట్టిన క్రమాన్ని పరిశోధక విద్యార్థి ఈ పద్ధతితోనే తెలుసుకుంటాడు. దీనికి ప్రాచీన లిపుల పఠనం, పాఠభేదాల పరిశీలన తోడవుతాయి. స్పెయిన్‌లో ఈ పద్ధతికి పెద్ద దిక్కు రామోన్ మెనెండెజ్ పిదాల్. ఆయన చారిత్రక వ్యాకరణం 1904లో వచ్చింది. 1910లో మాడ్రిడ్‌లో నెలకొన్న చారిత్రక అధ్యయన కేంద్రంలో ఆయన చేతికింద ఒక తరం పండితులు తయారయ్యారు.

ఆ తరాన్ని 1936-39 నాటి అంతర్యుద్ధం చెల్లాచెదురు చేసింది. ధ్వనిశాస్త్రవేత్త తోమాస్ నవార్రో తోమాస్ కొలంబియా విశ్వవిద్యాలయానికీ, అమెరికో కాస్త్రో ప్రిన్‌స్టన్‌కూ చేరారు. కవి పెద్రో సాలినాస్ జాన్స్ హాప్‌కిన్స్‌లో బోధించాడు. ప్రవాసంలోనే కాస్త్రో 1948లో వెలువరించిన గ్రంథం క్రైస్తవులు, ముస్లింలు, యూదులు కలిసి బతికిన జీవితం నుంచే స్పెయిన్ రూపొందిందని వాదించి పెద్ద చర్చను లేపింది. అంతకు ఎంతో ముందే అమెరికాలో ఈ చదువుకు బీజాలు పడ్డాయి. మొజార్ట్ సంగీత నాటకాలకు సాహిత్యం సమకూర్చిన లొరెంజో దా పోంతె 1825లో కొలంబియాలో తొలి ఇటాలియన్ ఆచార్యుడయ్యాడు. హార్వర్డ్‌లో 1819 నుంచి ఫ్రెంచి, స్పానిష్ పీఠంలో ఉన్న జార్జ్ టిక్నర్ 1849లో స్పానిష్ సాహిత్య చరిత్రను మూడు సంపుటాలుగా అచ్చువేశాడు. ఆ పీఠంలో అతని తరవాత కూర్చున్న కవి లాంగ్‌ఫెలో డాంటే మహాకావ్యాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. పీఠం పేరులో లేని ఇటాలియన్ ఆ విధంగా ఆ పీఠానికి కీర్తి తెచ్చింది.

పోర్చుగీసుకు ఊతం ఆలస్యంగా అందింది. స్పుత్నిక్ ఎగిరిన మరుసటి ఏడు, 1958లో, అమెరికా ప్రభుత్వం తెచ్చిన విద్యా చట్టం కింద ముందుగా ప్రోత్సహించవలసిన భాషలుగా ఎంచుకున్న వాటిలో హిందీ-ఉర్దూ, రష్యన్‌లతోపాటు పోర్చుగీసు కూడా ఉంది. అయినా స్పానిష్‌దే పైచేయి. పరిశోధక విద్యార్థులు ప్రారంభ తరగతులకు భాష బోధిస్తూ తమ చదువు సాగిస్తారు, ఆ తరగతులు ఎక్కువగా స్పానిష్‌వే. ఎం.ఏ. దశలో నిర్ణీత గ్రంథాల పట్టిక మీద పరీక్ష, పిహెచ్‌డిలో కోర్సులు, అర్హత పరీక్ష, ఆపై సిద్ధాంత వ్యాసం: ఇది సాధారణ క్రమం. మరొక రొమాన్స్ భాషలో పఠనశక్తి ఉండాలనే నియమం దీనిలో అత్యంత విలువైన భాగం. దాన్ని మొక్కుబడిగా మార్చేయడమంత నష్టం మరొకటి లేదు. పోర్చుగీసులో రాసిన బ్రెజిల్ రచయిత మచాదు దె అస్సీస్ నవలలు చదవకుండా లాటిన్ అమెరికా నవల మీద పట్టా పుచ్చుకోవడం అలాంటి నష్టమే.

మన దేశంలో హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో స్పానిష్, గోవా విశ్వవిద్యాలయంలో పోర్చుగీసు ఎం.ఏ. స్థాయిలో చదవవచ్చు. తెలుగువారికి ఈ చదువుతో సూటిగా పని ఉంది. విజయనగరానికి 1420 ప్రాంతంలో వచ్చిన నికోలో కొంతి వెనిస్ రాజ్యం వాడు. తళ్లికోట యుద్ధానంతరం 1567లో ఆ నగరాన్ని చూసిన చేజరె ఫెదెరీచి కూడా వెనిస్ వర్తకుడే. రాయల కాలాన్ని వర్ణించిన డొమింగో పేయస్, తరవాత వచ్చిన న్యూనిజ్ పోర్చుగీసులో రాశారు. వారి రచనలను దావిద్ లోపెష్ 1897లో లిస్బన్‌లో ప్రకటించగా, 1900లో రాబర్ట్ సూయెల్ ఇంగ్లీషులో అందించాడు. తెలుగులో రాయల చరిత్ర రాసినవారికి సూయెల్ అనువాదం ఒక ఆధారమైంది.

వెంకటపతి రాయలు 1614లో మరణించాక రేగిన వారసత్వ కలహాన్నీ, వెలుగోటి యాచమ నాయకుడు రాజకుమారుణ్ని కాపాడిన తీరునూ జెసూట్ పాద్రి మనుయెల్ బరాదష్ 1616లో పోర్చుగీసు లేఖలో వివరించాడు. అప్పటికి పోర్చుగల్ స్పెయిన్ రాజుల ఏలుబడిలో ఉంది. 1580 నుంచి 1640 దాకా సాగిన ఆ ఏలుబడిలో గోవా వ్యవహారాలు లిస్బన్ మీదుగా మాడ్రిడ్‌కు వెళ్లేవి. అందుకే ఆ కాలపు పత్రాలు గోవాలోనూ లిస్బన్‌లోనూ మాత్రమే కాక స్పెయిన్‌లోని సిమాంకాస్ కోటలో ఉన్న పత్రాగారంలో కూడా వెదకవలసి ఉంటుంది.