పాట కట్టినవాళ్లదే: స్టీవ్ అల్బీనీ స్మారకోపన్యాసం



2024 మే 7న స్టీవ్ అల్బీనీ గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 61. గిటార్ వాయించారు, పాడారు, షికాగోలో స్టూడియో నడిపారు, ఎందరో కళాకారుల పాటలు రికార్డు చేశారు. ఆయన స్మృతిలో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు, ఆయన నమ్మిన ఒక సూత్రం ఎక్కడ మొదలై, ఎవరి చేతుల మీదుగా నడిచి, ఇవాళ్టి ఏ రికార్డుల దాకా వచ్చిందో చెప్పాలనుకున్నాను. పాట కట్టినవాళ్లదే. దాని హక్కు, దాని రాబడి, అది ఎలా వినిపించాలన్న ఆఖరి మాట వాళ్లవే. ఇదే ఆ సూత్రం.

1976 చివర్లో ఇంగ్లండులో పంక్ సంగీతం అప్పుడే రాజుకుంటోంది. పెద్ద రికార్డు కంపెనీలన్నీ లండన్‌లో ఉన్నాయి. మాంచెస్టర్ కుర్రాళ్లు బజ్‌కాక్స్ వాటి కోసం ఎదురుచూడలేదు. ఇంట్లోవాళ్ల దగ్గర, స్నేహితుల దగ్గర 500 పౌండ్లు అప్పు చేసి నాలుగు పాటలు రికార్డు చేశారు. 1977 జనవరిలో 'స్పైరల్ స్క్రాచ్' పేరుతో సొంతంగా విడుదల చేశారు. మొదట వేసినవి 1,000 ప్రతులు. చివరికి 16,000 దాకా అమ్ముడుపోయాయి. ఏ పాట ఎన్నోసారి వాయించినప్పుడు కుదిరిందో కూడా అట్ట మీదే అచ్చువేశారు. రికార్డు తయారీలో దాచాల్సిన రహస్యమేదీ లేదని తేలిపోయింది. అది చూసిన ప్రతి ఊరి కుర్రాడికీ 'మనమూ చేయొచ్చు' అన్న ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం అట్లాంటిక్ దాటింది. అమెరికా కుర్రకారు పంక్‌ను ఇంకా వేగంగా, ఇంకా పొట్టిగా, ఇంకా గట్టిగా వాయించి హార్డ్‌కోర్ చేశారు. మద్యం అమ్మే క్లబ్బులు మైనర్లను లోపలికి రానిచ్చేవి కావు. అందుకని చర్చి హాళ్లు, ఇళ్ల కింది సెల్లార్లు వాళ్ల వేదికలయ్యాయి. వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే బృందం 1980లో విడిపోయింది. కచేరీల మీద కూడబెట్టిన 600 డాలర్లను వాళ్లు పంచుకోలేదు. ఆ డబ్బుతో రికార్డు వేశారు. కవర్లు చేత్తో కత్తిరించి, మడిచి, అంటించారు. డిస్కార్డ్ రికార్డ్స్ పుట్టింది అలాగే. ఆ బృందంలోని ఇయాన్ మెకై తర్వాత నడిపిన ఫుగాజీ బృందం టికెట్ ధరను 5 డాలర్ల దరిదాపుల్లోనే ఉంచింది. ఏ వయసు వాళ్లనైనా కచేరీకి రానిచ్చింది.

మిషిగన్‌లో 1979లో చిన్న పత్రికగా మొదలైన టచ్ అండ్ గో, 1981లో రికార్డులు వేయడం మొదలుపెట్టింది. తర్వాత షికాగో చేరింది. అక్కడ కాగితాల మీద ఒప్పందాల్లేవు, మాట మీదే నడిచేది. ఖర్చులు పోగా మిగిలినదాంట్లో సగం బృందానికి, సగం కంపెనీకి. అల్బీనీ బృందం బిగ్ బ్లాక్ చివరి ఆల్బం, ఆ తర్వాత ఆయన బృందం షెలాక్ ఆల్బంలు అక్కడినుంచే వచ్చాయి.

1993లో అల్బీనీ 'ది బాఫ్లర్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్న ఒక ఊహా బృందం ఖర్చులన్నీ వరుసగా లెక్కగట్టారు. రెండున్నర లక్షల ప్రతులు అమ్ముడుపోయాక కూడా ఒక్కో సభ్యుడికి మిగిలేది 4,031 డాలర్లేనని తేల్చారు. అదే ఏడాది నిర్వాణా ఆల్బం 'ఇన్ యూటెరో' రికార్డు చేశారు. ఆనవాయితీ ప్రకారం అమ్మకాల్లో వాటా అడిగితే 4 లక్షల డాలర్ల దాకా వస్తుందని ఆయనే లెక్క వేశారు. అయినా అడగలేదు. పని చేసినందుకు ప్లంబర్ తీసుకున్నట్టు కూలి తీసుకుంటానని ఆ బృందానికి ఉత్తరం రాశారు. లక్ష డాలర్ల కూలితో సరిపెట్టుకున్నారు. 1997లో షికాగోలో ఎలక్ట్రికల్ ఆడియో స్టూడియో తెరిచి, డబ్బులేని బృందాలకూ దాని తలుపులు తీసి ఉంచారు.

యౌవనంలో ఆయన పాటల్లో, మాటల్లో మనుషులను గాయపరిచినవి ఉన్నాయి. తర్వాతి కాలంలో ఆ బాధ్యతను బహిరంగంగా తన మీద వేసుకున్నారు. ఆయనను గౌరవించే సభలో ఆ మాట కూడా చెప్పాలి.

ఇక ఈ వారసత్వంలో మీరు తప్పక వినాల్సిన కొత్త రికార్డులు. మొదటిది షెలాక్ 'టు ఆల్ ట్రెయిన్స్'. అల్బీనీ పోయిన పది రోజులకు, 2024 మే 17న వచ్చింది. ముగ్గురు మనుషులు, పది పాటలు, 28 నిమిషాలు. గిటార్ తీగ గరుకు, డ్రమ్ము చుట్టూ ఉన్న గది గాలి కూడా వినిపిస్తాయి.

రెండోది ఫిలడెల్ఫియా బృందం సోల్ గ్లో వేసిన 'డయాస్పోరా ప్రాబ్లమ్స్', 2022. నల్లజాతి యువకుడి కోపం, అప్పు, దిగులు హార్డ్‌కోర్ వేగంతో దూసుకొస్తాయి. మధ్యలో హిప్‌హాప్, ఇత్తడి వాద్యాలు అందుకుంటాయి. అదే ఊరి మానెక్విన్ పుస్సీ 'ఐ గాట్ హెవెన్', 2024, కూడా వినండి. మరీసా డబీస్ గొంతులో లాలన, గర్జన ఒకే పాటలో ఇముడుతాయి.

బాల్టిమోర్ బృందం టర్న్‌స్టైల్ 'నెవర్ ఎనఫ్', 2025, పెద్ద కంపెనీ నీడలోని లేబుల్ నుంచి వచ్చింది. అయినా నిర్మాత ఆ బృందం గాయకుడు బ్రెండన్ యేట్సే. ఆల్బం రావడానికి ముందు నెలలో సొంత ఊరి పార్కులో, నిలువ నీడలేని వాళ్ల వైద్యం కోసం విరాళాలు సేకరిస్తూ ఉచిత కచేరీ చేశారు.

నాకు అన్నిటికన్నా ఆశ కలిగించింది సిండీ లీ 'డైమండ్ జూబ్లీ', 2024. 32 పాటలు, రెండు గంటల పైచిలుకు. సిండీ లీ పేరుతో పాడే కెనడా కళాకారుడు పాట్రిక్ ఫ్లెగెల్ పని. విడుదలైనప్పుడు స్పాటిఫైలో లేదు. యూట్యూబ్‌లో ఒకే ముక్కగా పెట్టారు. డౌన్‌లోడ్ చేసుకునేవారు 30 కెనడా డాలర్లు ఇవ్వమని కోరారు. దుకాణం లేకుండా, దళారి లేకుండా ఆ ఏడాది ఎక్కువగా చర్చకొచ్చిన ఆల్బంలలో ఒకటైంది. బజ్‌కాక్స్ 500 పౌండ్లతో వేసిన బాట అక్కడిదాకా వచ్చింది.

ఈ చరిత్రలో శ్రోతకూ పని ఉంది. పాటలు అమ్మే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ ఆల్బం కొంటే ఆ సంస్థ కోత 15 శాతం దాకా. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ కోత కూడా వదులుకుంటోంది. నచ్చిన ఆల్బంను ఉచితంగా రెండుసార్లు వినండి, మూడోసారికి కొనండి. ఎవరు రికార్డు చేశారో, ఎవరు విడుదల చేశారో అట్ట మీద చదవండి. మీ ఊళ్లో ఎవరైనా పిల్లలు గిటార్ పట్టుకుని సొంత పాట కడుతుంటే, కాసేపు వాయించుకోవడానికి ఒక గది చూపించండి. అల్బీనీ జీవితమంతా చేసింది ఆ పనే. ఆయనకు మనం ఇవ్వగల నివాళి కూడా అదే.